రెండవ సమీకరణము విలువ

క్రీ. శ. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసార సంగ్రహమును రచించెను. పావులూరి మల్లన దానిని తెనిగించెను. మహావీరుని గ్రంథములో ఒక చక్కని లెక్క కలదు. 9 మాదీఫలములకు, 7 వెలగపండ్లకు కలిపి వెల 107. 7 మాదీఫలములకు, 9 వెలగపండ్లకు కలిపి 101. ఒక్కొక్క పండు వెల యెంత?

మాదీఫలము వెలను 'మా' అనియు, వెలగపండు వెలను 'వె' అనియు అనుకొందము.

9 మా + 7 వె = 107
7 మా + 9 వె = 101

ఈ రెండింటిని కూడినచో 16 మా + 16 వె = 208. అనగా రెండు పండ్ల వెలల మొత్తము 13. మొదటి దానినుండి రెండవ దానిని తీసివేసినచో 2 మా − 2 వె = 6. అనగా వెలల తేడా 3. కావున మాదీఫలము వెల 8, వెలగపండు వెల 5.

తెలియని రాశులు రెండైనపుడు సమీకరణములు రెండు కావలెనని విద్యార్థులెల్లరు ఎరుగుదురు. కాని సంఖ్యకు రెండున్నంత మాత్రమున చాలదు. రెండవది 18 మా + 14 వె = 214 అయినచో, అది మొదటి మాటనే రెట్టించి చెప్పినట్లు. క్రొత్త సంగతి యేమియు లేదు; సరిపోవు వెలలు లెక్కలేనన్ని యుండును. 214కు బదులు 215 అన్నచో రెండు మాటలును పొసగవు; అసలు సాధనయే లేదు.

వీని నడుమ మరియొక చిక్కు కలదు. రెండవ సమీకరణము 10 మా + 8 వె = 120 అనుకొందము. దీనితోను వెలలు 8, 5 అనియే వచ్చును. కాని 120ని పొరపాటున 121 అని వ్రాసినచో మాదీఫలము వెల 4½, వెలగపండు వెల 9½ అగును! చౌకది ప్రియమైనది, ప్రియమైనది చౌకయైనది. మహావీరుని లెక్కలో 101ని 102గా వ్రాసినను వెలలు సుమారు 7.78, 5.28 మాత్రమే యగును.

ఇందులకు కారణమేమి? గ్రాఫు కాగితముపై ఒక్కొక్క సమీకరణము ఒక్కొక్క సరళరేఖ. అవి ఖండించుకొను బిందువే సాధన. రేఖలు ఇంచుమించు సమాంతరములైనచో, ఒకటి రవంత జరిగినను ఖండన బిందువు చాలదూరము పోవును. 9కి 7, 10కి 8 దగ్గరి నిష్పత్తులు. 9కి 7, 7కు 9 అట్టివి కావు.

ప్రయోగశాలలో ఏ కొలతయు పూర్తిగా నిర్దుష్టము కాదు. అందుచేత రెండవ కొలతను మొదటి దానికి వీలైనంత భిన్నమైన పరిస్థితిలో తీసికొనవలెను. వేలకొలది సమీకరణములను క్షణములో సాధించు కంప్యూటరు సైతము, కొలతలలో లేని సమాచారమును కల్పింపజాలదు.