అమ్మ తలుపు దాకా రావడానికి ఎన్ని సెకన్లు?

సూరత్ రింగ్ రోడ్ బట్టల మార్కెట్లలో, ఆ చుట్టుపక్కల పనిచేసే మన తెలుగువాళ్ల ఇళ్లలో పగలంతా ఉండేది చాలాచోట్ల పెద్దవాళ్లే. బెల్ మోగితే లేవాలి, నడవాలి, వచ్చిందెవరో చూడాలి, గుజరాతీలోనో హిందీలోనో అడిగినదానికి జవాబు చెప్పాలి. అందుకే వీడియో డోర్‌ఫోన్ పెట్టిద్దామనుకుంటారు. మంచి ఆలోచనే. కానీ దుకాణానికి వెళ్లేముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి.

అమ్మను కుర్చీలో కూర్చోబెట్టండి. లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోమనండి. పక్కనే ఉండి గడియారం చూడండి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క అంటుంది అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు, అందులో 60 దాటినవాళ్లే ఎక్కువ. బెల్ వినగానే గాభరాగా లేవడం మోకాళ్ల నొప్పులున్న మనిషికి ప్రమాదమే. అలాంటి ఇంట్లో గోడకు బిగించే పెద్ద తెర కంటే, మంచం పక్కన పెట్టుకుని పడుకునే మాట్లాడగలిగే హ్యాండ్‌సెట్ ఉన్నదే నయం. బెల్ ఎన్ని సెకన్లకు దానంతటదే ఆగిపోతుందో, ఆ గడువు పెంచుకోవచ్చో కూడా అడగండి.

తర్వాత చెవి. వయసు మీదపడితే ముందు వినపడకుండా పోయేది కీచు శబ్దాలే. వినికిడి తగ్గినవాళ్లు పడుకునే గదుల్లో అగ్నిప్రమాద హెచ్చరికకు 520 హెర్ట్జ్ బొంగురు ధ్వని వాడాలని అమెరికా ప్రమాణం చెబుతుంది. మామూలు అలారాలు 3,000 హెర్ట్జ్ దాపులో కూస్తాయి. కాబట్టి ధ్వని మార్చుకునే వీలు, దాంతోపాటు వెలిగే లైటు ఉన్న బెల్ తీసుకోండి. ఫ్యాన్, మిక్సీ ఆన్‌లో ఉంచి, అమ్మను అటు తిప్పి కూర్చోబెట్టి మోగించి చూడండి. చక్రాల కుర్చీ వాడేవాళ్లుంటే డోర్‌ఫోన్ మీట నేలనుంచి 1,220 మిల్లీమీటర్లు, అంటే 4 అడుగులు, దాటకూడదు. గోడకు డ్రిల్ పెట్టకముందే వాళ్లచేత ఆ చోటు తాకించి చూడండి.

కరెంటు సంగతి అన్నిటికన్నా ముఖ్యం. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 84 వాట్ అవర్లు. రూటర్, డోర్‌ఫోన్ కలిపి 14 వాట్లు లాగుతాయనుకుంటే కాగితం మీద 6 గంటలు, వాడకంలో అంతకన్నా తక్కువే. 2006 ఆగస్టులో తాపీ నది వరద ఊరిని ముంచెత్తి కరెంటు పోయినప్పటి సంగతి తెలిసినవాళ్లకు ఆ 6 గంటలు ఏ మూలకూ చాలవని చెప్పక్కర్లేదు. అందుకే డోర్‌ఫోన్‌తోపాటు ఎలక్ట్రానిక్ తాళం కూడా పెట్టిస్తే, అది లోపలినుంచి కరెంటు, నెట్, తాళంచెవి ఏవీ లేకుండా చేత్తో తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా కొనొద్దు.

వైఫై బెల్‌కు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నలే మేలు. 5 గిగాహెర్ట్జ్ కంటే గోడలు బాగా దాటుతుంది. మాటతో పనిచేసే స్పీకరైతే ఏ భాష వింటుందో చూడాలి. అలెక్సాకు హిందీ వచ్చిందే 2019లో. దుకాణంలోనే అమ్మచేత మాట్లాడించండి. కెమెరా ఎటు చూడాలో ఆమెనే అడగండి. గుమ్మం వైపు సరే, మంచం వైపు వద్దు.

ఇక, బెల్ ఫోన్‌కు కూడా మోగేలా పెడితే, అవతల ఎత్తేదెవరు? మార్కెట్ గోలలో కొడుక్కి వినపడకపోవచ్చు. ఆయన ఎత్తకపోతే పక్కింటివాళ్లకు మోగేలా రెండో నంబరు పెట్టించండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకే పలుకుతుంది. ప్రాణాపాయమైతే ఏ వేళైనా 112. ఈ నాలుగు నంబర్లూ అమ్మ ఫోన్‌లో ఒక్క మీటతో కలిసేలా పెట్టి, ముందు కొడుకు నంబరుకు ఆమెచేతే నొక్కించి చూడండి.