పట్టా అందుకున్న పిల్లకు ఏమిద్దాం?

కూతురు, మేనకోడలు, మనవరాలు డిగ్రీ పాసైందని కబురొస్తే మన చెయ్యి ముందు చీరల దుకాణం వైపో, బంగారం కొట్టు వైపో వెళ్తుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంకల్లో ఇప్పుడు పట్టా లేని ఆడపిల్లలున్న ఇళ్లు తగ్గిపోతున్నాయి. మరి ఆ పట్టాకు తగిన కానుక ఏది?

మన పెళ్లిళ్లలో స్నాతకం అనే తంతు ఒకటుంది. చదువు ముగించిన బ్రహ్మచారికి కొత్త బట్టలు కట్టబెట్టి, కంటికి కాటుక పెట్టి, గొడుగు, చెప్పులు, చేతికర్ర ఇస్తారు. కాశీకి పోతానంటూ అతను బయల్దేరతాడు. బావమరిది ఎదురెళ్లి, బెల్లం ముక్క నోట్లో పెట్టి, మా చెల్లెల్ని చేసుకోమని బతిమాలి వెనక్కి తీసుకొస్తాడు. చుట్టాలు నవ్వుకుంటారు, ఫొటోగ్రాఫర్ ఇంకోసారి నడవమంటాడు. ఆ సందడిలో ఒక సంగతి ఎవరికీ తట్టదు. చదువు పూర్తయిన మనిషికి ఏమివ్వాలో మన పెద్దలు ఏనాడో తేల్చిపెట్టారు. ఎండకు గొడుగు, ముళ్లకు చెప్పులు, తోడుకు కర్ర... అన్నీ దారిలో అక్కరకొచ్చేవే.

కాకపోతే ఆ జాబితా మగపిల్లాడి కోసం రాసింది. ఆడపిల్లకు ఓణీల వేడుక ఉంది, నిశ్చితార్థం ఉంది, పెళ్లి ఉంది, శ్రీమంతం ఉంది. చదువు ముగిసిన రోజుకు మాత్రం ఏ తంతూ లేదు. అందుకే పట్టా పుచ్చుకున్న పిల్ల ముందు నిలబడినప్పుడు మనకు తెలిసిన పాత కానుకలే గుర్తొస్తాయి. పట్టుచీర, ఉంగరం, వెండి కుంకుమ భరిణె. ఇస్తూ ఇస్తూ 'రేపు పెళ్లికీ పనికొస్తుందిలే' అని ఒక మాట కలుపుతాం. మూడేళ్లో నాలుగేళ్లో రాత్రింబవళ్లు చదివింది ఆమె. కానుక మాత్రం ఇంకా కుదరని పెళ్లికి అడ్వాన్సు!

బస్సు దూరంలో చదువులు

ఈ ప్రాంతంలో ఆడపిల్ల చదువుకు పునాదులు గట్టివే. ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల 1945లో మొదలైంది. సెయింట్ థెరిస్సా మహిళా కళాశాల 1953లో వచ్చింది. అమ్మమ్మా, అమ్మా, మనవరాలూ ఒకే కాలేజీ పేరు చెప్పుకోగలిగిన ఊళ్లు మనకు ఎన్నో లేవు, ఏలూరుకు ఆ వీలుంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం, నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ, తాడేపల్లిగూడెంలో 2015లో నిట్ వచ్చాయి. నిట్‌లలో అమ్మాయిల సంఖ్య పెంచడానికి 2018 నుంచి అదనపు సీట్లు కూడా ఇస్తున్నారు.

అయినా కొల్లేరు లంకల పిల్లకు కాలేజీ అంత దగ్గరేం కాదు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే రోడ్డు ఎక్కడుందో తెలియదు. 2024 సెప్టెంబరులో అదే జరిగింది, నీళ్లు తీసేదాకా కైకలూరు, ఏలూరు వైపు రాకపోకలకు తిప్పలే. అలా నీళ్లు దాటుకుంటూ, బస్సు తప్పితే షేర్ ఆటోలో ఇరుక్కుంటూ తెచ్చుకున్న పట్టా అది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ప్రభుత్వం చార్జీ మాఫీ చేసింది. 'వెళ్లిరా' అనే మాట మాత్రం ఇంట్లోనే పుట్టాలి.

ఇద్దరికి అందినవి

చదువుకున్న ఆడపిల్లకు నిజంగా అక్కరకొచ్చిన కానుకలేమిటో మన చరిత్రలోనే వెతుక్కోవచ్చు. అయ్యలసోమయాజుల లలిత మద్రాసులోని తెలుగింటి పిల్ల. పదిహేనో ఏట పెళ్లయింది. పద్దెనిమిదేళ్లకే చంకలో నెలల బిడ్డతో వితంతువైంది. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఆచార్యుడు. కూతురికి ఆయన నగ చేయించలేదు, అప్పటిదాకా అమ్మాయిలకు తెరవని ఆ కాలేజీ తలుపు తట్టి సీటు ఇప్పించాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన లలితకు ఇచ్చిన పట్టా మీద మగవాళ్ల కోసం అచ్చువేసిన 'హి'ని కొట్టేసి 'షి' అని రాయాల్సి వచ్చింది. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన ఆమె తర్వాత భాక్రానంగల్ విద్యుత్ లైన్ల రూపకల్పనలో పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల అంతర్జాతీయ సదస్సుకూ వెళ్లొచ్చారు.

రెండో కథ రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ది. ఆమె ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ చేరబోతే, ఆడపిల్లలకు హాస్టలు లేదని వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి సందేహించారు. ఏలూరు సి.ఆర్.రెడ్డి కళాశాలకు పేరిచ్చిన ఆయనే ఈయన. దుర్గాబాయి వెనుదిరగలేదు. చదువుకోవాలనుకునే అమ్మాయిలు కలిసి రమ్మని పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్లతో కలిసి హాస్టలు నడిపించుకున్నారు. తర్వాత లా చదివి, రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

ఒకరికి తలుపు తెరవడం, ఇంకొకరికి తలదాచుకునే గది. స్నాతకం గొడుగుకూ చెప్పులకూ వరసైనవి ఇవే. ఈ కాలంలో వాటి రూపం మారిందంతే.

ఆమె పేరున ఒక కాగితం

మొదటిది పాస్‌పోర్టు. మామూలుగా తీసుకుంటే 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. పట్టుచీర జాకెట్టు కుట్టుకూలీ కూడా కొన్నిచోట్ల అంతకు తక్కువ లేదు. విదేశం వెళ్తుందా లేదా అన్నది తర్వాతి మాట. వెళ్లగలనన్న ధీమా చేతిలో ఉండటం వేరు. రెండోది డ్రైవింగ్ లైసెన్సు. స్కూటీ కొనిచ్చే స్థోమత ఉన్నవాళ్లు ముందు లైసెన్సు తీయించి, ఆ తర్వాతే తాళం చేతికివ్వాలి.

మూడోది పొదుపు ఖాతా. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఆమె పేరున పీపీఎఫ్ తెరిస్తే ఏడాదికి కనీసం 500 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర వేసుకోవచ్చు, గడువు పదిహేనేళ్లు. ఇరవై ఒక్కటో ఏట మొదలుపెట్టిన ఖాతా ముప్పై ఆరు, ముప్పై ఏడేళ్ల నాటికి, పిల్లల ఫీజులో సొంత వ్యాపారమో ఎదురయ్యే వేళకి చేతికొస్తుంది. తల్లిదండ్రులు, తాతయ్య, అమ్మమ్మ, మేనమామ, పిన్ని, బాబాయి ఇచ్చే కానుకకు ఎంతైనా ఆదాయపు పన్ను ఉండదు. చట్టం చెప్పే బంధువుల్లో లేనివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 దాటితేనే పన్ను లెక్క.

బంగారం ఇవ్వకూడదా? నిక్షేపంగా ఇవ్వండి. ఆపదలో తాకట్టుకు అంత త్వరగా పనికొచ్చేది ఇంకోటి లేదు. కానీ ఒక్క పని చేయండి. బిల్లు ఆమె పేరున రాయించండి, హాల్‌మార్కు మీది ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఆమెకు చూపించండి, వస్తువు ఆమె చేతికే ఇవ్వండి. అమ్మ బీరువాలో పెళ్లి దాకా దాచిన గొలుసు మీద పట్టా పొందిన పిల్లకు పెత్తనం ఉండదు.

గోదావరి జిల్లాల్లో 'పసుపు కుంకుమ కింద' పొలం రాసివ్వడం పాత ఆనవాయితీ. దానికి ముహూర్తం పెళ్లే అన్నట్టు చూస్తాం. 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం తెచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. ఇవ్వదలుచుకున్న అరెకరమేదో డిగ్రీ వచ్చిన ఏడాదే రాసిస్తే ఆమె దాన్ని చూసుకోవడం నేర్చుకుంటుంది.

చెరువు లెక్క

కొల్లేరు చుట్టుపక్కల ఇళ్లకు ఇంకో వీలుంది. ఐదో కాంటూరు అవతల, అభయారణ్యం హద్దు బయట చేపల చెరువులున్న కుటుంబాల్లో ఆక్వాకల్చరో జువాలజీయో చదివిన అమ్మాయిలు ఉంటున్నారు. ఆక్సిజన్ పడిపోవడం, అమ్మోనియా పెరగడం వాళ్లు పుస్తకంలో చదివినవే. నాన్న మాత్రం తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం చూసి పసిగడతాడు. ఆ రెండు జ్ఞానాలూ ఒక గట్టు మీద కలిసేది ఎప్పుడు? ఒక నీటి పరీక్ష కిట్టు కొనిచ్చి, ఒక చెరువు లెక్క ఆమెకు అప్పగించండి. చేపపిల్ల వేసింది మొదలు శీలావతి, బొచ్చె పట్టుబడి దాకా మేత ఖర్చు, మందుల ఖర్చు, కాటా తూకం, కమిషన్ అన్నీ ఆమె పుస్తకంలోనే రాయాలి. లాభం వస్తే ఒక వంతు ఆమె ఖాతాలో వేయాలి. నష్టం వస్తే ఎందుకొచ్చిందో ఇద్దరూ కూర్చుని చూడాలి. ఉద్యాన పట్టభద్రురాలికైతే మంచి అంటుకట్టే కత్తి, తోటలో నాలుగు వరసలు ఇస్తే సరి.

లామినేషన్ ముచ్చట వద్దు

ప్రేమకొద్దీ చేసే పొరపాటు ఒకటుంది. ఒరిజినల్ డిగ్రీ రాగానే నాన్న జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి లామినేషన్ చేయించేస్తాడు. విదేశీ చదువుకో ఉద్యోగానికో వెళ్లేటప్పుడు అటెస్టేషన్, అపోస్టిల్ ముద్రలు సర్టిఫికెట్ వెనక వేస్తారు. లామినేషన్ మీద అవి పడవు. ఊడదీయబోతే కాగితం చిరుగుతుంది. గోడ మీద పెట్టాలని ముచ్చటగా ఉంటే కలర్ జిరాక్స్‌కు ఫ్రేము కట్టించండి. ఒరిజినల్‌కు మంచి ఫైలు కొనివ్వండి.

ఆ ఫైలుతో పాటు ఇంకో సాయం చేయొచ్చు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, డిగ్రీలో పేరు చివరన ఉండటం మన దగ్గర మామూలే. మూడూ ఒకటి చేయించే తిరుగుడు ఎవరికీ ఇష్టం ఉండదు. బాబాయో అన్నయ్యో సెలవు పెట్టి ఆ పని పూర్తిచేయిస్తే ఏ వెండి భరిణెకూ తీసిపోదు.

చేతికిచ్చే వస్తువైతే

వస్తువే ఇవ్వాలనిపిస్తే మన నేల మీదివే చాలా ఉన్నాయి. రాజమండ్రి రత్నం పెన్నులు స్వదేశీ ఉద్యమపు రోజుల్లో పుట్టినవి, గాంధీగారు మెచ్చుకున్నవి. ఆమె పేరు చెక్కించిన పెన్ను మొదటి ఉద్యోగపు సంతకానికి ఉంటుంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. క్రోషే సూదితో ఇంటి పట్టున కూర్చుని అల్లే ఆడవాళ్ల చేతిపని అది, కూలి ఎప్పుడూ అంతంతమాత్రమే. కొంటే బేరమాడకుండా, వీలైతే అల్లినవాళ్ల దగ్గరే కొనండి. ఏలూరు తంగెళ్లమూడి తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్లాయి. హాస్టలు గదికి పెద్దది బరువే, చిన్న ముక్క చాలు.

పుస్తకమైతే మాలతీ చందూర్‌ను తలచుకోండి. నూజివీడులో పుట్టి ఏలూరులో చదువుకున్న ఆమె ఆంధ్రప్రభలో 'ప్రమదావనం' శీర్షికతో దశాబ్దాలపాటు ఆడవాళ్ల ప్రశ్నలకు జవాబులిచ్చారు. ప్రపంచ నవలలను తెలుగువాళ్లకు పరిచయం చేసిన ఆమె 'పాత కెరటాలు' ఊరు దాటబోయే పిల్లకు మంచి తోడు.

ఎవరేమివ్వొచ్చు?

అమ్మా నాన్నా: పాస్‌పోర్టు, ఆమె పేరున ఆరోగ్య బీమా. చిన్న వయసులో ప్రీమియం తక్కువ.
అమ్మమ్మ, నానమ్మ: నగ ఇస్తే బిల్లుతో సహా.
మేనమామ: పీపీఎఫ్ మొదటి జమ, లేదా ల్యాప్‌టాప్.
పిన్ని, అత్త: కొత్త ఊళ్లో హాస్టలు అడ్వాన్సు, మొదటి నెల ఖర్చు.
అన్నయ్య: డ్రైవింగ్ నేర్పడం, సర్టిఫికెట్ల పనులు.
స్నేహితురాళ్లు: అందరూ కలిసి ఒక ప్రయాణం. చలికాలమైతే ఆటపాక పక్షుల కేంద్రం, పెలికాన్లు అప్పుడు బాగా కనిపిస్తాయి.
గురువులు: మంచి సిఫారసు లేఖ. ఖర్చు లేదు, విలువకు లెక్క లేదు.

బీఈడీ చేసి డీఎస్సీ రాస్తానన్న పిల్లకు అవనిగడ్డలో కోచింగ్ ఫీజు, గది అద్దె కట్టండి. 2025లో మెగా డీఎస్సీ పోస్టులు 16,347. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొచ్చినా సిద్ధంగా ఉన్నవాళ్లదే ఆ పోస్టు.

ఇవన్నీ చదివాక కూడా ఏమివ్వాలో తేలకపోతే సులువైన దారి ఒకటుంది. ఫలితాలు రాగానే మన ఇళ్లలో వినబడే మొదటి ప్రశ్న 'సంబంధాలు చూస్తున్నారా?' అన్నది. అదీ అమ్మనో నాన్ననో అడుగుతాం, ఎదురుగా ఉన్న పిల్లను కాదు. ఈసారి ఆమెనే పిలిచి 'తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?' అని అడగండి. చెప్పేదాకా ఓపికగా వినండి. ఆమె చెప్పిన దారికి ఏది పనికొస్తుందో అదే కొనండి. పెళ్లి కానుకలు పెళ్లినాడు ఎలాగూ ఇస్తాం. పట్టా కానుక పట్టాకే ఇద్దాం.