మంట కాగితేనే... పలక పలుకుతుంది!

జాతరకు వేళవుతుంది. జనం చేరతారు. డప్పులవాళ్లు మాత్రం ఓ పక్కన కందికంప మంటేసుకుని తీరిగ్గా కూర్చుంటారు. డప్పును మంటకు చూపిస్తారు, తిప్పుతారు, వేలితో ఓసారి కొట్టి వింటారు. మళ్లీ మంటకు పెడతారు. చూసేవాళ్లకు అది కాలయాపన. వాళ్లకు అదే అసలు పని... శ్రుతి చేయడం!

కొనకనమిట్ల, పొదిలి, మార్కాపురం... ఒకప్పటి పశ్చిమ ప్రకాశంలో ఏ పల్లెకెళ్లినా పెళ్లికీ, చావుకీ, పీర్ల పండగకీ డప్పు ఉండాల్సిందే. దీన్నే చాలాచోట్ల 'పలక' అంటారు. రాతిపలకలకు పేరుపడ్డ మార్కాపురం సీమలో ఇది మరో పలక. బడిలో పలక అక్షరాన్ని చూపిస్తే, ఇది చప్పుడుతో కబురు చెబుతుంది.

చెవే కొలత

డప్పు తయారీ చూడటానికి తేలికే. గుండ్రటి చెక్క చట్రం, దానిపై బిగించిన తోలు, అతికించడానికి చింతగింజల జిగురు. ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల, కుడిచేతిలో లావుపాటి సిర్ర. అంతే! మృదంగానికైతే శ్రుతి సరిచేసుకునే ఏర్పాటు ఉంది. అంచు మీద రాయితో కొడితే బిగుస్తుంది. ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అద్దితే నాదం గంభీరమవుతుంది. డప్పుకి అవేవీ లేవు. ఉన్నదల్లా నిప్పే.

తోలు గాల్లోని తేమను పీల్చుకుంటుంది. పీలిస్తే వదులవుతుంది, మొద్దుగా మోగుతుంది. మంట దగ్గర ఆ తేమ ఆవిరైపోయి తోలు బిగుసుకుంటుంది. ఖంగుమంటుంది. కాస్త తక్కువ కాగితే లాభం లేదు, ఎక్కువ కాగితే తోలు చిట్లిపోతుంది. ఎక్కడ ఆపాలో చెప్పే మీటరేదీ లేదు. చెవే చెప్పాలి. పైగా ఒకసారి కాచి వదిలేస్తే కుదరదు. మంచు కురిసే రాత్రి మళ్లీ మళ్లీ కాచుకోవాలి. పదిమంది వాయిస్తుంటే అన్ని డప్పులూ ఒకే బిగువులో ఉండాలి. ఒక్కటి మొద్దుబారినా దరువు తేలిపోతుంది.

అమెరికాలోనూ అదే తంటా!

ఈ తిప్పలు మన పల్లెలకే పరిమితం అనుకుంటే పొరపాటే. 1920ల్లో అమెరికాలో జాజ్ వాయించిన డ్రమ్మర్లదీ ఇదే బాధ. వాళ్ల డ్రమ్ములకూ దూడ తోలే. వానొస్తే సాగిపోయేది. అందుకే కొందరు పెద్ద డ్రమ్ము లోపల విద్యుత్ బల్బు వెలిగించి ఆ వేడితో తోలును పొడిగా ఉంచేవారు. మనవాళ్లది కందికంప మంట, వాళ్లది బల్బు మంట!

1950ల మధ్యలో పాలియెస్టర్ పొరతో డ్రమ్ము మూతలొచ్చాక వాళ్ల కష్టం తీరింది. ఇప్పుడు చుట్టూ ఉన్న బోల్టులను తాళంచెవితో ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తే చాలు. జాజ్‌లో పెద్ద డ్రమ్మును చాలామంది 18 అంగుళాలదే వాడతారు. లోపల దిండ్లూ గుడ్డలూ కుక్కకుండా, పై స్థాయిలో బిగించి, మోత నిలిచేలా చూసుకుంటారు. రాక్ సంగీతంలో 'ధబ్' మని ఆగిపోయే డ్రమ్ము ఇక్కడ 'ధుమ్మ్' అంటూ సాగుతుంది. మాక్స్ రోచ్ లాంటి జాజ్ దిగ్గజాలు డ్రమ్ముల మీద రాగం వినిపించారంటే శ్రుతి మీద పెట్టిన శ్రద్ధే కారణం.

బోల్టులొచ్చాయి... మరి చెవి?

ఆ బోల్టులే ఇప్పుడు పల్లెకూ వచ్చాయి. ఇనుప చట్రం, ప్లాస్టిక్ మూత ఉన్న డప్పులకు మంట అక్కర్లేదు. వానకు భయం లేదు. మోయడం తేలిక. రోజుకో ఊళ్లో వాయిస్తేనే పూట గడిచే కళాకారుడు దాన్ని ఎంచుకుంటే తప్పు పట్టలేం. కానీ తోలు మీద సిర్ర పడ్డప్పుడు వచ్చే నిండుదనం ప్లాస్టిక్‌కి రాదు. తోలు శుద్ధి చేసేవాళ్లు, డప్పు మూసేవాళ్లు తగ్గిపోతే మంట దగ్గర నేర్చే చెవి కూడా పోతుంది. అది పుస్తకంలో దొరికేది కాదు. పెద్దల పక్కన కూర్చుని వింటేనే పట్టుబడేది.

ఊరి పండగకు డప్పు కావాలి గానీ, వాయించేవాణ్ని మాత్రం ఊరు చాలాకాలం దూరంగానే ఉంచింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ ఉద్యమం తన పేరులోనే 'దండోరా'ను పెట్టుకుంది. అవమానానికి గుర్తుగా ఉన్న డప్పు అప్పట్నుంచి ఆత్మగౌరవానికి గొంతయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకిచ్చే పింఛను 2024 జులైలో నెలకు 4 వేల రూపాయలకు పెరిగింది. అది పెద్దవాళ్లకు ఆసరా. మరి పిల్లలకు ఆ విద్య అందాలంటే?

ఈసారి జాతరలో డప్పు కాచే మంట కనిపిస్తే తొందరపెట్టకండి. కాసేపు నిలబడి వినండి. మొద్దు చప్పుడు ఖంగుమనే మోతగా మారే ఆ క్షణం... వందల ఏళ్ల విద్య!