ఫజర్ నుంచి జుహర్ వరకు: భీముని పాదం జలపాతం వద్ద ఒక పూట

వర్షాకాలం ముగింపునకు వచ్చిందంటే మన ఇళ్లలో పిల్లల నోట ఒకే ప్రశ్న వినిపిస్తుంది: జలపాతానికి ఎప్పుడు వెళదాం? పెద్దల నోటా ఒకే సమాధానం: నీళ్లతో ఆటలు వద్దు. మా కుటుంబంలోనూ రెండేళ్లపాటు ఈ ప్రశ్న, ఈ సమాధానం ఇలాగే సాగాయి.

దానికి కారణం లేకపోలేదు. జనగామలో మా వీధిలోనే పద్నాలుగేళ్ల పిల్లవాడొకడు వేసవి సెలవుల్లో స్నేహితులతో కలిసి క్వారీ గుంతలో ఈతకు దిగాడు. అతడు తిరిగి ఇంటికి రాలేదు. జనాజాలో అతని తండ్రి ముఖం చూసిన తరువాత మా ఇంటి పెద్దలందరూ ఒకే నిర్ణయానికి వచ్చారు. చెరువు, బావి, వాగు, దేని దగ్గరకూ మన పిల్లలు వెళ్లరాదు. ఆ మాటను ఎవరూ ప్రశ్నించలేదు.

అయితే ఈ ఏడాది భూపాలపల్లిలో ఉంటున్న మా చెల్లెలు ఒక సంగతి కనిపెట్టింది. పదహారేళ్ల కొడుకు ట్యూషన్ సంచిలో తడిసిన బనియన్ ఉంది. ఆరా తీస్తే, నెలల తరబడి స్నేహితులతో కలిసి పొలాల బావుల్లో ఈత కొడుతున్నాడని తేలింది. ఆమె ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. అప్పుడు మాకు అర్థమైంది. మేము పెట్టిన నిషేధం పిల్లవాడిని నీటికి దూరం చేయలేదు, మాకు దూరం చేసింది. అతడు నీళ్లలోకి దిగుతున్నప్పుడు గట్టు మీద కనిపెట్టుకుని ఉండే పెద్దవారు ఒక్కరూ లేరు.

ఆ సంగతి మాకు తెలిసిందని అతనికి చెప్పలేదు. మందలించడానికి ముందు ఒకసారి అందరం కలిసి, తెలిసిన మనిషి వెంట, నీళ్ల వద్దకు వెళ్లి రావాలని నిశ్చయించుకున్నాము.

ఎక్కడికి వెళ్లాలి?

మా మూడు కుటుంబాలు మూడు జిల్లాల్లో ఉన్నాయి. జనగామ మెట్ట ప్రాంతం, అక్కడ జలపాతం మాట లేదు. భూపాలపల్లి వారికి బొగత సుపరిచితం. ములుగు జిల్లా 2019లో వేరుపడక ముందు వాజేడు మండలంలోని ఆ జలపాతం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. వెడల్పుగా, తెల్లగా దూకే ఆ నీరు చూడడానికి అద్భుతమే. కాని ప్రవాహం పెరిగిన రోజుల్లో అక్కడ నీళ్లలోకి దిగనివ్వరు, పైగా మాలో జనగామ వారికి ఒక పూటలో వెళ్లి వచ్చే దూరం కాదు.

మహబూబాబాద్‌లో ఉంటున్న మా అన్నయ్య భీముని పాదం పేరు చెప్పారు. గూడూరు మండలంలో, సీతానగరం సమీపంలోని అడవిలో ఉన్న జలపాతమది. అర్ధచంద్రాకారంలో నిలిచిన రాతి గోడ మీద నుంచి సుమారు 70 అడుగుల ఎత్తున నీరు జారుతుంది. భీముని అడుగు పడిన చోటు అని స్థానికులు చెప్పుకునే కథ వల్ల ఆ పేరు వచ్చింది. వానలు మొదలైనప్పటి నుంచి చలికాలం వరకు నీరుంటుంది, వేసవిలో సన్నగిల్లుతుంది.

శనివారం సాయంత్రానికి జనగామ నుంచి మేము కాజీపేట మీదుగా రైలులోను, చెల్లెలి కుటుంబం ములుగు, నర్సంపేట మీదుగా బస్సులోను మహబూబాబాద్ చేరుకున్నాము. ఆదివారం ఫజర్ నమాజ్ ముగించుకుని, మొత్తం పదకొండు మందిమి ఒక తుఫాన్ బండిలో బయలుదేరాము. జుహర్ నాటికి తిరిగి ఊళ్లో ఉండాలన్నది మా ప్రణాళిక. సమయానికి అలా హద్దు ఉండడం ఎంత మేలో ఆ రోజే తెలిసింది. అడవిలో సాయంత్రం వరకు ఉండిపోదామన్న ఆశకు అది ముందే అడ్డుకట్ట వేసింది.

దారి చూపిన మనిషి

అన్నయ్యకు పరిచయమున్న ఆ ప్రాంతపు రైతు ఒకరు మాకోసం రోడ్డు వద్ద ఎదురుచూస్తున్నారు. యాభై ఏళ్లు దాటిన మనిషి. చేతిలో ఒక వెదురు కర్ర, భుజం మీద చుట్టిన తాడు, మెడలో ఒక ఈల. పిల్లలు ఈలను చూసి నవ్వుకున్నారు. ఆయన నొచ్చుకోలేదు.

“నేను ఒక్కసారి ఊదితే నా దిక్కు చూడాలె. రెండుసార్లు ఊదితే ఉన్నది ఉన్నట్టు ఇడిసిపెట్టి గట్టెక్కాలె. ఎందుకు అని గట్టు మీదికొచ్చినంకనే అడగాలె” అన్నారు.

ఇంతకు మించి ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క పెద్దవారిని కేటాయించమన్నారు. “అందరూ చూస్తరు అంటే ఎవ్వరూ చూడరు” అన్నది ఆయన మాట. సెలవు రోజున పదిమంది పెద్దల మధ్యనే పిల్లలు ఎందుకు మునిగిపోతారో ఈ ఒక్క వాక్యం చెబుతుంది.

దూరదేశాల్లో ఇదే పద్ధతిని వ్యవస్థగా మార్చారు. కరేబియన్ సముద్రంలోని జమైకా ద్వీపంలో డన్స్ రివర్ జలపాతాన్ని సందర్శకులు మార్గదర్శకుని వెనుక ఒకరి చేయి ఒకరు పట్టుకుని, గొలుసులా మెట్టు మెట్టుగా ఎక్కుతారు. డొమినికన్ రిపబ్లిక్‌లోని దమహాగ్వా జలపాతాల వద్ద శిరస్త్రాణం, లైఫ్ జాకెట్ తప్పనిసరి. మార్గదర్శకుడు లేకుండా అనుమతించరు. అక్కడ అర్ధదినపు విహారం ఒక వృత్తి, ఒక జీవనోపాధి. మన అడవుల్లో ఆ ఏర్పాట్లు ఇంకా అంతటా లేవు. కనుక ఆ బాధ్యతను కుటుంబమే మోయాలి.

నీళ్లలో గడిచిన గంట

అడవి బాటలో నడుస్తుండగానే జలపాతం చప్పుడు వినిపించింది. చెట్ల సందు నుంచి అది కనిపించిన క్షణాన పిల్లలు సైతం మాట మరచిపోయారు. అరవై ఎనిమిదేళ్ల నానీ మాత్రం “సుబ్‌హానల్లాహ్” అని మెల్లగా అన్నారు. రాళ్ల నుంచి ఉబికి వచ్చే నీటిని తలచుకోమని దివ్యఖుర్‌ఆన్ మనిషికి ఎందుకు గుర్తుచేస్తుందో ఆ చోట నిలబడితే బోధపడుతుంది.

నీటి వైపు పరుగెత్తిన పిల్లలను ఈల ఆపింది. ఆయన ముందుగా తాను దిగి, వెదురు కర్రతో అడుగడుగునా లోతు కొలిచి, పిల్లలు ఎంతవరకు రావచ్చో రాళ్లను గుర్తుగా చూపించారు. ధార సరిగ్గా పడే చోటికి వెళ్లవద్దన్నారు. అందుకు రెండు కారణాలున్నాయి. ఏళ్ల తరబడి నీరు పడిన చోట అడుగు గుంత పడి లోతుగా ఉంటుంది. పైగా నురగతో నిండిన నీటిలో గాలి ఎక్కువ. అది మనిషిని మామూలు నీటిలా తేల్చదు. ఈత వచ్చినవారు కూడా అక్కడ అలసిపోయేది అందుకే. పై నుంచి రాయి జారిపడే ప్రమాదం ఎలాగూ ఉంది.

స్త్రీల కోసం ఒక పక్కగా, బండల చాటున మోకాలి లోతు నీరున్న చోటు దొరికింది. మేము తెల్లవారగానే చేరుకోవడం వల్ల వేరే సందర్శకులు లేరు. బట్టల విషయంలో ఒక మాట చెప్పాలి. చీర, బుర్ఖా, మందపాటి దుపట్టా తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. హుందాతనానికీ భద్రతకూ మధ్య పోటీ అవసరం లేదు. ఒంటికి అతుక్కోని, పొడవు మితంగా ఉన్న ముదురు రంగు సల్వార్ కమీజ్, గట్టిగా కట్టిన తలగుడ్డ, జారని చెప్పులు చాలు. ఆస్ట్రేలియాలో స్థిరపడిన అహెదా జనెట్టి 2004లో ‘బుర్కినీ’ రూపొందించింది కూడా ముస్లిం ఆడపిల్లలు దుస్తుల కారణంగా ఆటలకు, నీళ్లకు దూరం కారాదనే. పన్నెండేళ్ల మా అమ్మాయి ఆ రోజు మొదటిసారి నీటిలో ముఖం ముంచి, ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టింది. పైకి లేచి నవ్విన ఆ నవ్వు కోసమే ఇంత దూరం రావచ్చుననిపించింది.

మేనల్లుడికి మాత్రం అది చాలలేదు. పక్కనున్న బండ ఎక్కి దూకుతానన్నాడు. రైతు కాదనలేదు, అవుననలేదు. వెదురు కర్రను అతని చేతికే ఇచ్చి, దూకదలచిన చోట గుచ్చి చూడమన్నారు. కర్ర రెండడుగులు దిగి రాతికి తగిలి ఠక్కుమంది. పై నుంచి చూస్తే ఆ చోటు నల్లగా, లోతుగా కనిపించింది. పిల్లవాడు మారు మాట్లాడకుండా కర్ర తిరిగి ఇచ్చేశాడు.

రెండు ఈలలు

ఉదయం తొమ్మిదిన్నర కావస్తోంది. మా నెత్తి మీద ఆకాశం నిర్మలంగా ఉంది. ఉన్నట్టుండి ఈల రెండుసార్లు మోగింది.

మాకు ఏమీ కనిపించలేదు. అయినా మాట ఇచ్చాము కనుక పెద్దలందరం మా మా పిల్లల చేతులు పట్టుకుని గట్టెక్కాము. మేనల్లుడు మాత్రం “ఎండ కాస్తోంది కదా మామూ, ఇంకో పది నిమిషాలు” అని నీళ్లలోనే నిలబడ్డాడు. అన్నయ్య దిగి, జబ్బ పట్టుకుని పైకి తీసుకొచ్చారు. అందరినీ లెక్కపెట్టాము. పదకొండు.

అప్పుడు రైతు వేలు చూపించారు. ధార అంచున నీరు పలచని ఎర్ర రంగుకు తిరిగింది. ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకువస్తున్నాయి. “ఈడ వాన లేకపోతే ఏంది, పైన గుట్టల మీద పడ్డది. ఇగ ఉండొద్దు, నడువుండ్రి” అన్నారు.

వచ్చేటప్పుడు మడమల లోతున దాటిన పాయ తిరిగి వెళ్లేటప్పుడు మోకాళ్లను తాకింది. తాడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని దాటాము. నానీని ఒక పక్క మేనల్లుడు, మరొక పక్క రైతు పట్టుకున్నారు. “నిదానం పెద్దమ్మా, కాలు జరుపుకుంట రా, ఎత్తకు” అని ఆయన చెబుతూనే ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. అల్‌హందులిల్లాహ్. పది నిమిషాలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఊహించే పని మాత్రం ఆ దారిలో ప్రతి ఒక్కరం చేశాము.

ఇది అతిగా భయపడడం కాదు. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతం చూడబోయిన సుమారు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోయారు. విపత్తు స్పందన దళం, పోలీసులు రాత్రంతా శ్రమించి వారిని బయటకు తీసుకువచ్చారు. అదే వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి గ్రామాన్నే ముంచెత్తింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం సమీపంలో వరద రైలు పట్టాల కింది కంకరను ఊడ్చుకుపోయింది. మన వాగులు ఎంత త్వరగా స్వభావం మార్చుకుంటాయో చెప్పడానికి ఇవి చాలు.

ప్రతి ఇంటికీ తెలియవలసినవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు సగం మంది 29 ఏళ్ల లోపు వారే. ఐక్యరాజ్యసమితి జూలై 25ను నీటి ప్రమాదాల నివారణ దినంగా పాటిస్తోంది. ప్రాణం దైవమిచ్చిన అమానత్. దానిని కాపాడే జ్ఞానం నేర్వడం కూడా ఆ అమానత్‌లో భాగమే.

భారీ వాన హెచ్చరిక ఉన్న రోజున, అటవీ సిబ్బంది వద్దన్న రోజున ప్రయాణం మానుకోవాలి. స్థానికుడొకరు వెంట లేకుండా నీళ్లలోకి దిగరాదు. నీటి రంగు మారినా, ఆకులు పుల్లలు కొట్టుకువచ్చినా, చప్పుడు హెచ్చినా వెంటనే ఎత్తైన చోటికి చేరాలి. ఎవరైనా మునుగుతుంటే ఆవేశంగా దూకవద్దు. ఒకరిని రక్షించబోయి ఇద్దరు, ముగ్గురు పోవడం మన పత్రికల్లో తరచూ చదువుతున్నదే. కర్ర చాచాలి, తాడు గాని దుపట్టా గాని విసరాలి, మూత బిగించిన ఖాళీ క్యాన్ అందించాలి. బయటకు తీసిన మనిషిని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం తగదు. శ్వాస లేకుంటే నోటితో ఊపిరి ఊదుతూ, ఛాతీ నొక్కుతూ 108కు గాని 112కు గాని ఫోన్ చేయించాలి.

మరొక మాట. నీటి రేవులను, దారులను, నీడనిచ్చే చోట్లను మలినపరచరాదన్న దైవప్రవక్త (స) బోధ మన పిల్లలకు తెలిసినదే. మేము బయలుదేరే ముందు మా చెత్తతో పాటు ఇతరులు వదిలిన సీసాలు, పొట్లాలు కూడా ఒక సంచికి ఎత్తుకున్నాము.

తిరుగు ప్రయాణం

మహబూబాబాద్ చేరేసరికి జుహర్ అజాన్ ఇంకా కాలేదు. దారిలో బండి వెనుక సీటు నుంచి మేనల్లుడి గొంతు వినిపించింది. “అమ్మీ, ఒక మాట చెప్పాలి” అంటూ బావుల సంగతి తానే మొదలుపెట్టాడు. చెల్లెలు తనకు తెలుసునని అనలేదు. చివరి వరకు విన్నది. విని, “ఇక మీదట మీ అబ్బా గట్టు మీద ఉంటేనే దిగాలి” అని మాత్రమే అన్నది.

వెనుకటి రోజుల్లో మన పల్లెల్లో తండ్రులు పిల్లల నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, తాడు చేతపట్టుకుని బావిలో ఈత నేర్పేవారు. బుర్ర ఒకనాటికి విప్పేసేవారు, తాడు కూడా వదిలేసేవారు. చూపు మాత్రం మరల్చేవారు కాదు. ఈ చలికాలం దాటగానే మా ఇంటి పిల్లలందరికీ, ఆడపిల్లలతో సహా, ఈత నేర్పాలని నిర్ణయించుకున్నాము. ఆ రైతు వద్దకు మళ్లీ వెళతాము, ఇన్షాఅల్లాహ్. ఈసారి ఈలను చూసి ఎవరూ నవ్వరు.