లోతుకు కొలత తెచ్చిన గుండు

జులైలో అమెరికాలోని మిషిగన్ సరస్సు పైనీరు 20 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. అదే చోట పాతిక మీటర్లు కిందికి దిగితే ఉష్ణోగ్రత అందులో సగానికి పడిపోవచ్చు. ఇంకా అడుక్కు పోతే 4, 5 డిగ్రీలే. మంచినీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అందుకే చల్లటి నీరు అడుగున ఉండిపోతుంది, ఎండకు వేడెక్కిన నీరు తేలికై పైన తేలుతుంది. గాలి ఎంత వీచినా పైపొరను మాత్రమే కలపగలదు. ఈ రెండు పొరల మధ్య, కొద్ది మీటర్లలోనే ఉష్ణోగ్రత జారిపోయే పట్టీ ఒకటి ఏర్పడుతుంది. దాన్ని థర్మోక్లైన్ అంటారు.

సాల్మన్, ట్రౌట్ చల్లనీటి చేపలు. కోహో, చినూక్ జాతి సాల్మన్లకు 12 డిగ్రీల అటూ ఇటూ ఇష్టం. లేక్ ట్రౌట్‌కు అంతకన్నా చల్లగా ఉండాలి. అందుకని ఎండాకాలంలో ఇవి ఈ పట్టీ చుట్టుపక్కలే తిరుగుతాయి. సరస్సు గరిష్ఠ లోతు 281 మీటర్లు. చేప ఉండేది అందులో ఏ నాలుగైదు మీటర్ల మందం పొరలోనో. కొన్ని గ్రాముల బరువుండే రేకు ఎరను సరిగ్గా ఆ పొరలోకి దించాలి, కదిలే పడవ వెనక అక్కడే నిలపాలి. ఈ చిక్కును విప్పిన యంత్రం పేరు డౌన్‌రిగ్గర్.

పడవను నెమ్మదిగా నడుపుతూ వెనక ఎరను లాక్కుపోయే వేటను ట్రోలింగ్ అంటారు. విశాఖ, కాకినాడ రేవుల్లో మనం చూసే ట్రాలర్లు వల లాగుతాయి. ఇక్కడ వల ఉండదు, గాలమే. ఎర కూడా చాలావరకు లోహపు రేకే. నీటిలో ఊగుతూ మెరుస్తుంటే గాయపడిన చిన్న చేప అనుకుని పెద్ద చేప పట్టేస్తుంది. జూలియో బ్యూయెల్ అనే అమెరికన్ 1852లో ఇలాంటి లోహపు ఎరకు పేటెంట్ తీసుకున్నాడు. చిన్నప్పుడు సరస్సులో జారిపడిన తన స్పూను వెంట చేప దూసుకురావడం చూసి ఆయనకు ఆ ఊహ తట్టిందని జాలర్లు కథగా చెప్పుకుంటారు. ఎర అప్పుడే కుదిరింది. దాన్ని లోతుకు చేర్చడమే కుదరలేదు.

దారానికి సీసం కడితే మునుగుతుంది కదా అనిపిస్తుంది. పడవ ఆగి ఉన్నంతసేపూ మునుగుతుంది. కదలగానే నీరు దారాన్ని వెనక్కి నెడుతుంది, ఎర పైకి లేస్తుంది. 25 మీటర్ల లోతులో నిలపాలంటే చాలా బరువు కట్టాలి, లేదా చాలా దారం వదలాలి. న్యూయార్క్ రాష్ట్రపు ఫింగర్ లేక్స్‌లో లేక్ ట్రౌట్ కోసం ఒకే పొడవాటి తాడుకు అడుగున బరువు కట్టి, మధ్యమధ్య చాలా ఎరలు వేలాడదీసేవారు. అమెరికాలో చేపల పెంపకానికి ఆద్యుడిగా పేరున్న సేత్ గ్రీన్ పేరే ఆ పద్ధతికి నిలిచిపోయింది. ఇంకొందరు దారానికి బదులు రాగి తీగ వాడారు. తీగ బరువుకు ఎర దానంతటదే దిగేది.

వీటన్నిటిదీ ఒకటే లోపం. ఎరను ముంచే బరువూ చేపను పట్టి లాగే దారమూ ఒకటే. చేప పడ్డాక జాలరి లాగేది సగం చేపను, సగం సీసాన్ని. సన్నటి దారం, తేలికపాటి గాలపు కర్ర వాడే వీలే లేదు. ఎర ఏ లోతులో ఉందంటే వదిలిన తీగ పొడవును, పడవ వేగాన్ని బట్టి వేసుకునే అంచనాయే. నిన్న చేప పడిన లోతుకే ఇవాళ ఎర దిగిందని చెప్పగలిగేది అనుభవం ఒక్కటే.

ఈ ఇబ్బందికి వందేళ్లు ఓర్చుకున్నవాళ్లు 1960ల చివర ఎందుకు ఓర్చుకోలేకపోయారు? దానికి సరస్సు కథ కొంత తెలియాలి. మిషిగన్, ఈరీ, హ్యూరాన్, సుపీరియర్ గ్రేట్ లేక్స్ అనే ఒకదానికొకటి కలిసిన సరస్సుల వరసలోవి. సముద్రం నుంచి ఆ సరస్సుల్లోకి ఎగబాకే జీవులకు నయాగరా జలపాతం పెద్ద అడ్డుగోడ. ఓడల కోసం తవ్విన వెలాండ్ కాలువ ఆ గోడను చుట్టి వెళ్లే దారి అయింది. సీ లాంప్రే అనే రక్తం పీల్చే జీవి ఆ దారిన పై సరస్సుల్లోకి చేరింది. 1921లో ఈరీ సరస్సులో, 1936లో మిషిగన్ సరస్సులో కనిపించింది. గుండ్రటి నోటితో లేక్ ట్రౌట్ ఒంటికి కరుచుకుని రక్తం తోడేసేది. కొన్నేళ్లలోనే మిషిగన్ సరస్సులో లేక్ ట్రౌట్ తుడిచిపెట్టుకుపోయింది. తనను తినే పెద్ద చేప పోవడంతో అట్లాంటిక్ నుంచి వచ్చిన అలెవైఫ్ అనే చిన్న చేప లెక్కలేకుండా పెరిగింది. 1967 ఎండాకాలంలో అవి గుట్టలుగా చచ్చి షికాగో తీరానికి కొట్టుకొచ్చాయి. బీచ్‌లను యంత్రాలతో శుభ్రం చేయాల్సి వచ్చింది.

అప్పటికే మందు వేయడం మొదలైంది. లాంప్రే పిల్లలను చంపే టీఎఫ్ఎం అనే రసాయనాన్ని 1950ల చివర కనిపెట్టారు. 1964లో మిషిగన్ రాష్ట్ర చేపల విభాగం పగ్గాలు అందుకున్న హోవర్డ్ టానర్‌కు అలెవైఫ్ బెడదలోనే అవకాశం కనిపించింది. ఇంత మేత ఉన్నప్పుడు దాన్ని తినే చేపను వదిలితే సరి అనుకున్నాడు. పసిఫిక్ తీరంలోని ఆరెగాన్ నుంచి కోహో గుడ్లు తెప్పించి, పిల్లలను పెంచి, 1966 వసంతంలో ప్లాట్ నది, బేర్ క్రీక్‌లలో వదిలారు. అవి సరస్సులోకి దిగి అలెవైఫ్‌లను మేసి, 1967 శరత్కాలానికి ఐదు కిలోలు దాటి తిరిగొచ్చాయి. వాటికోసం జనం వెర్రెత్తినట్టు ఎగబడ్డారు. చెరువుల్లో తిరిగే చిన్న పడవలతోనే సముద్రమంత సరస్సులోకి దూకారు. సెప్టెంబర్ 23న తుఫాను గాలి రేగి ప్లాట్ బే ప్రాంతంలో ఏడుగురు చనిపోయారు.

శరత్కాలంలో సాల్మన్ నది ముఖద్వారాల దగ్గర పైపైనే దొరికింది. ఎండాకాలం వచ్చేసరికి థర్మోక్లైన్‌లోకి దిగిపోయింది. పడవలున్నాయి, కర్రలున్నాయి, సరస్సు నిండా చేపలున్నాయి, అందుకునే దారే లేదు. డౌన్‌రిగ్గర్‌కు ఊపు వచ్చింది అప్పుడే. దానికి ఒక్క తండ్రి అంటూ లేడు. సొంత షెడ్లలో చేతికందిన డ్రమ్ములతో, బరువులతో చేసుకున్న నమూనాలు ముందొచ్చాయి. తర్వాత ట్రావర్స్ సిటీలో బిగ్ జాన్ లాంటి కంపెనీలు వెలిశాయి. కెనడా పసిఫిక్ తీరంలో స్కాటీ పేరు స్థిరపడింది.

యంత్రం చూడటానికి మన బావి గిలకలా ఉంటుంది. పడవ అంచున బిగించిన ఒక చుట్టు, దాని నుంచి బయటికి చాచిన చెయ్యి, చెయ్యి చివర గిలక. గిలక మీదుగా సన్నటి ఉక్కు తీగ, తీగ చివర నాలుగు నుంచి ఆరు కిలోల గుండు. చుట్టు పక్కన లోతును చూపే మీటరు. మొదట్లో చేత్తో తిప్పేవారు, తర్వాత కరెంటు మోటారు వచ్చింది.

అసలు తెలివంతా గుండు దగ్గరుండే చిన్న క్లిప్పులో ఉంది. జాలరి ఎరను పడవ వెనక పది, ఇరవై మీటర్లు వదులుతాడు. దారాన్ని ఆ క్లిప్పు దవడల మధ్య నొక్కి పెడతాడు. గుండును దించుతాడు. అది తనతోపాటు దారాన్నీ ఎరనూ కిందికి తీసుకుపోతుంది. తర్వాత రీలు బిగించి కర్ర కొస బాగా వంగేలా చేస్తాడు. చేప ఎరను లాగగానే క్లిప్పు తెరుచుకుని దారం ఊడిపోతుంది. వంగిన కర్ర ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. ఆ క్షణంలో దారం వదులవుతుంది కాబట్టి గబగబా చుట్టాలి. ఆ తర్వాత గుండు దారి గుండుదే, దారం చివర చేప ఒక్కటే ఉంటుంది. క్లిప్పు బిగువు ఎంతుండాలన్నదే చేతి పనితనం. మరీ బిగిస్తే చిన్న చేప పడినా క్లిప్పు ఊడదు, గంటసేపు దాన్ని ఈడ్చుకు తిరుగుతారు. మరీ వదులుగా పెడితే పెద్ద అలకే ఊడిపోతుంది.

ముంచే పని తీగకు, పట్టే పని దారానికి పంచడంతో రెండు లాభాలు వచ్చాయి. తేలిక కర్రతో పెద్ద చేపను ఆడించవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, లోతు అంకె అయింది. 22 మీటర్ల దగ్గర చేప పడితే మళ్లీ అక్కడికే దించవచ్చు. పక్క పడవకు రేడియోలో చెప్పవచ్చు. ప్రయోగశాలలో లాగా ఒక గుండును 18 దగ్గర, ఇంకోదాన్ని 26 దగ్గర పెట్టి పోల్చి చూడవచ్చు.

అయితే ఆ అంకె పూర్తిగా నిజం చెప్పదు. మీటరు కొలిచేది బయటికి వెళ్లిన తీగ పొడవునే. పడవ కదులుతుంటే తీగ వెనక్కి వాలుతుంది. 30 మీటర్లు వదిలిన తీగ నిలువు నుంచి 30 డిగ్రీలు వాలితే గుండు ఉండేది 26 మీటర్ల దగ్గరే. పోయిన ఆ నాలుగు మీటర్లే చేపలున్న పొర మందం కావచ్చు. నీటి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 3 కిలోమీటర్ల నుంచి నాలుగున్నరకు పెంచితే రెండింతలకు పైగా అవుతుంది. అందుకే బరువైన గుండ్లు, సన్నటి తీగలు, నీటిని చీల్చే చేప ఆకారపు గుండ్లు వచ్చాయి. సోనార్ తెర మీద గుండు జాడ కూడా కనబడుతుంది కాబట్టి మీటరు అబద్ధం అక్కడ బయటపడుతుంది.

ఇంకో తిరకాసు ప్రవాహాలది. పైన పడవ గంటకు 4 కిలోమీటర్లు పోతున్నా, అడుగు ప్రవాహం ఎదురొస్తే ఎరకు తగిలే నీటి వేగం పెరుగుతుంది, వెంట వస్తే తగ్గుతుంది. రేకు ఎర సరిగ్గా ఊగేది తనకు తగిన వేగంలోనే. దీనికోసం గుండు పైన చిన్న కొలత పరికరం తగిలిస్తున్నారు. అది అక్కడి ఉష్ణోగ్రతనూ వేగాన్నీ పైకి పంపుతుంది. బరువు మోయడానికి పుట్టిన తీగ చివరికి సరస్సు లోపలి వాతావరణం చెప్పే పరికరం చేరింది.

సరస్సు మాత్రం 1967 నాటిది కాదు. క్వాగా మసెల్ అనే ఆల్చిప్ప జాతి వచ్చి నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టేస్తోంది. నీరు తేటపడింది, అలెవైఫ్‌కు మేత తగ్గింది. హ్యూరాన్ సరస్సులో 2003, 2004 ప్రాంతంలో అలెవైఫ్ కుప్పకూలడంతో చినూక్ కూడా పడిపోయింది. సుపీరియర్ సరస్సులో మాత్రం లేక్ ట్రౌట్ తిరిగి సొంతంగా పెరుగుతోంది. తేటనీటిలో చేప పడవ నీడకు బెదురుతుంది కాబట్టి ఎరను పక్కకు తీసుకుపోయే బోర్డులు, సీసం నింపిన దారాలు మళ్లీ పనికొస్తున్నాయి. డౌన్‌రిగ్గర్ ఇప్పుడు పెట్టెలోని పరికరాల్లో ఒకటి. అయినా షికాగోలోనో మిల్వాకీలోనో ఉండే తెలుగువాళ్లెవరైనా చార్టర్ పడవ ఎక్కితే, కర్ర లేచిన వెంటనే కెప్టెన్ ముందు చూసేది చేప సైజు కాదు, ఆ కర్రకు కట్టిన ఎర ఏ లోతులో ఉందన్నది. మిగతా గుండ్లను ఆ అంకెకు మార్చాకే ఆయన చేప వైపు తిరుగుతాడు.