బ్యాక్టీరియా చచ్చినా చావని విషం

శరత్ పూర్ణిమ మరుసటి రోజు సూరత్‌లో చాందనీ పడ్వో. ఆ రోజు ఊరంతా ఘారీ తింటుంది. కోవా, నెయ్యి, పంచదార, బాదం, పిస్తాలతో చేసే మిఠాయి ఇది. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన పద్మశాలీలకూ ఇది పరిచయమైన రుచే. పండుగకు ముందు నగరపాలక సంస్థ ఆహార భద్రతా సిబ్బంది దుకాణాల్లో కోవా, ఘారీ నమూనాలు సేకరించి పరీక్షలకు పంపుతారు. కల్తీ గురించి అందరూ మాట్లాడతారు. స్టెఫైలోకాకస్ ఆరియస్ గురించి మాట్లాడేవారు తక్కువ.

ఆరోగ్యవంతుల్లో దాదాపు 30 శాతం మంది ముక్కులో ఈ బ్యాక్టీరియా ఉంటుంది. చేతి మీది పుండు నుంచి, తుమ్ము నుంచి ఆహారంలోకి చేరుతుంది. ఉప్పు, పంచదార ఎక్కువైతే చాలా సూక్ష్మజీవులు పెరగలేవు. ఇది మాత్రం తట్టుకుంటుంది. కాచిన కోవాను చల్లార్చి, చేత్తో కలిపి, గది వేడిలో గంటల తరబడి ఉంచితే దానికి అంతకన్నా ఏం కావాలి? గ్రాముకు లక్ష వరకు పెరిగిందంటే, జబ్బు తెప్పించేంత ఎంటెరోటాక్సిన్ తయారై ఉండవచ్చు. ఒక మైక్రోగ్రాము కన్నా తక్కువ విషం చాలు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు, కడుపునొప్పి మొదలవుతాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మళ్లీ వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుంది, కానీ విషం మరిగే వేడిని కూడా చాలాసేపు తట్టుకుంటుంది. 2000లో జపాన్‌లోని ఒసాకా ప్రాంతంలో పాల ఉత్పత్తుల వల్ల 13 వేల మందికి పైగా జబ్బు పడ్డారు. హొక్కైడోలోని ఒక కర్మాగారంలో కరెంటు పోయి పాలు వెచ్చగా ఉండిపోయాయి, వాటితోనే పాలపొడి చేశారు. వేడికి బ్యాక్టీరియా పోయింది, విషం పొడిలో మిగిలింది.

కాబట్టి ఏ పరీక్ష చేస్తున్నామన్నది ముఖ్యం. నమూనాను పోషక పదార్థం మీద పెంచి చూసే పాత పద్ధతికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పైగా అది బతికున్న బ్యాక్టీరియానే లెక్కిస్తుంది. ఒసాకా పాలపొడి లాంటిదైతే 'ఏమీ లేదు' అనే చెబుతుంది. పీసీఆర్ విషాన్ని తయారుచేసే జన్యువును పట్టుకుంటుంది, అయితే జన్యువు ఉన్నంత మాత్రాన విషం తయారైందని కాదు. ప్రతిరక్షకాలతో నేరుగా విషాన్నే పట్టే ఎలీసా పద్ధతి కొన్ని గంటల్లో జవాబిస్తుంది. కానీ మార్కెట్లో దొరికే కిట్లు ఎక్కువగా ఎ నుంచి ఇ వరకు ఉన్న రకాలనే గుర్తిస్తాయి. ఇప్పటికి తెలిసిన రకాలు 20కి పైనే.

అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ ఇంకా మొండిది. దాని సిద్ధబీజాలు వంట వేడికి చావవు, అది వదిలే వాంతి విషం ప్రెషర్ కుక్కర్ వేడికీ లొంగదు.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 ప్రకారం నమూనా అందిన 14 రోజుల్లోగా విశ్లేషకుడు నివేదిక ఇవ్వాలి. కల్తీ కేసు నడపడానికి ఆ గడువు సరిపోతుంది. ఘారీ మాత్రం అప్పటికే జనం కడుపులోకి వెళ్లిపోయి ఉంటుంది. అందుకే తయారీ చోటనే నిఘా ఉండాలంటారు: కోవా ఎప్పుడు దించారు, ఎంతసేపట్లో చల్లబడింది, కలిపే చేతులకు పుండ్లున్నాయా అని చూడాలి. 10 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంచితే స్టెఫైలోకాకస్ విషం తయారీ దాదాపు ఆగిపోతుంది. దాన్ని కనిపెట్టడానికి ఒక థర్మామీటరు, ఒక గడియారం చాలు.