పాడేవాడికి తన పాట వినబడాలి

కాలేజీ డే నాడు మైకు కుయ్‌మని కూత పెట్టగానే హాలంతా ఈలలు, గోల. అందరి చూపూ మైకుసెట్టు అతని మీదికే. పాపం, అతను నాబు తిప్పుతాడు. కూత ఆగుతుంది, పాటా ఆగుతుంది! నా ఉద్దేశంలో ఇందులో అతని తప్పు సగం కూడా ఉండదు.

మైకులో పడ్డ శబ్దం ఆంప్లిఫయరులో పెరిగి స్పీకరు నుంచి వస్తుంది. అందులో కొంత మళ్ళీ మైకులోనే పడుతుంది. మోటారు తోడిన నీరు బోదె తెగి తిరిగి బావిలోకే దిగినట్టన్నమాట. కాకపోతే ఇక్కడ తిరిగొచ్చిన వంతు ఏమాత్రం ఎక్కువైనా చుట్టు చుట్టుకూ పెరిగి, ఏదో ఒక పౌనఃపున్యం దగ్గర ఊళ పెడుతుంది. డెన్మార్కు భౌతిక శాస్త్రజ్ఞుడు సోరెన్ లార్సెన్ పేరు మీద దీన్ని లార్సెన్ ఎఫెక్టు అంటారు.

మరి స్పీకర్లన్నీ జనం వైపు తిప్పి, మైకును వాటి వెనక పెడితే సరి గదా? కూతకు సరే, పాడేవాడి గతేమిటి? 17 మీటర్ల అవతలి గోడకు తగిలి తన గొంతు తనకు చేరాలంటే శబ్దం 34 మీటర్లు నడవాలి. సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున, సెకనులో పదోవంతు ఆలస్యం! దాన్ని నమ్ముకున్న తబలా అతను తాళం ఈడుస్తాడు. గాయకుడేమో గొంతు చించుకుంటాడు, శ్రుతి జారుతుంది. 1965 ఆగస్టు 15న న్యూయార్కు షే స్టేడియంలో బీటిల్స్ బృందం సుమారు 55,000 మంది ముందు పాడినప్పుడు వేదిక మీద మానిటర్లు లేవు. ఆ కేకల్లో తమ పాట తమకే సరిగా వినబడలేదు.

మానిటరంటే పాడేవారి వైపు మొగం పెట్టిన స్పీకరు. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే కిటుకు. మామూలు కార్డియాయిడ్ మైకు ముందు నుంచి బాగా వింటుంది, సరిగ్గా వెనక నుంచి దాదాపు వినదు. కనుక మానిటరు మైకు తోక వైపు, గాయకుడి కాళ్ళ ముందు ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ అయితే దాని చెవిటి చోటు ముందు నుంచి సుమారు 125 డిగ్రీల దగ్గర. అప్పుడు మానిటరు కొంచెం పక్కకు జరపాలి.

మనవాళ్ళు సినిమా ఫక్కీలో మైకు తలను గుప్పిట్లో మూసి పాడతారే, అక్కడే కొంప మునుగుతుంది. వెనక శబ్దాన్ని రద్దు చేసేవి ఆ జాలీ లోపలి సందులే. అవి మూస్తే మైకు నలుదిక్కులా వింటుంది. పట్టుకోవలసింది పిడిని. అడుగు దూరంలో ఉన్న మైకును మూడంగుళాలకు తెస్తే గొంతు సుమారు 12 డెసిబెల్స్ పెరుగుతుంది, ఆ మేరకు ఆంప్లిఫయరు తగ్గించుకోవచ్చు. వాడని మైకులు కట్టేయాలి.

మానిటర్లో అన్నీ పొయ్యమని అడగొద్దు. తన గొంతూ, శ్రుతికి హార్మోనియమూ చాలు. ఇదంతా హాలు ఖాళీగా ఉండగా, మూడింటికే చూసుకోవాలి. ఆరింటికి, చీఫ్ గెస్టు కారు దిగేటప్పుడు పిలిస్తే మైకుసెట్టు అతను మాత్రం ఏం చేస్తాడు?